అరలు రెండు, కాటా ఒక్కటే

పచ్చి మాంసంతో పాటు వండి చల్లార్చిన మాంసాన్ని కూడా అమ్మే ఒక దుకాణానికి కొన్ని నెలలుగా వెళ్తున్నాను. మొదటి రోజే మంచి అభిప్రాయం కలిగింది. దుర్వాసన లేదు, నేల తడిగా లేదు, పచ్చిదానికీ వండినదానికీ వేరువేరు అద్దాల అరలు ఉన్నాయి, వాటి మీది అంకెలు 4 డిగ్రీలు దాటగా నేను చూడలేదు.

కీమా విషయంలో వీరిని మెచ్చుకోవాలి. ముందే కొట్టి కుప్ప పోయకుండా, అడిగిన తరువాతే ముక్కను చూపించి యంత్రంలో వేస్తారు, రోజుకు రెండుసార్లు ఆ యంత్రాన్ని విడదీసి కడుగుతారు. మాంసపు ముక్కకు పైపైన అంటుకుని ఉండే బ్యాక్టీరియా, కీమా కొట్టేసరికి లోపలిదాకా కలిసిపోతుంది కాబట్టి, దానికి నడిమధ్యన కూడా 71 డిగ్రీల వేడి తగలాలి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని బర్గర్ల వల్ల ఇ.కోలి ఓ157 అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా సోకి 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు.

నా అభ్యంతరమల్లా కౌంటరు మీద ఉన్న ఒకే ఒక్క కాటా గురించి. పచ్చి కోడిని తూచిన పళ్లెంలోనే, అదే గ్లౌజుతో, వండిన మాంసాన్ని కూడా తూచడం మూడుసార్లు గమనించాను. గ్లౌజు తొడిగితే శుభ్రమైపోయినట్టేనని వారి నమ్మకం కాబోలు. పచ్చి మాంసం ఇంటికి వెళ్లాక ఎలాగూ ఉడుకుతుంది. వండినదాన్ని మాత్రం చాలామంది వేడి చేయకుండానే తింటారు, కనుక దాని మీద పడిన క్రిమిని ఆపేది ఇక ఏదీ లేదు. ఫ్రిజ్ కూడా పూర్తిగా ఆదుకోదు, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఆ చల్లదనంలోనూ మెల్లగా పెరుగుతుంది. 2005లో బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్‌లో, పాఠశాలలకు మాంసం సరఫరా చేసే ఒక దుకాణం పచ్చిదానికీ వండినదానికీ ఒకే వాక్యూమ్ ప్యాకింగ్ యంత్రాన్ని వాడింది. 150 మందికి పైగా ఇ.కోలి బారిన పడగా, వారిలో అయిదేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. యంత్రమైనా కాటా అయినా క్రిమికి అది వంతెనే.

యజమానితో మాట్లాడితే విసుక్కోకుండా విన్నారు, గంటకోసారి పళ్లెం తుడుస్తున్నామని అన్నారు. కానీ ఇ.కోలి ఓ157 వంద కణాల లోపు చేరినా జబ్బు చేయగలదు, ఆ గంటలో ఎందరు కొనుగోలుదారులు వచ్చిపోతారో ఆయనకే బాగా తెలుసు. పచ్చి మాంసం ఇకపైనా అక్కడే తీసుకుంటాను. వండినది మాత్రం రెండో కాటా వచ్చేదాకా కొనను.