2025 ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో ఎవరి అఫెన్స్ మేలు: బిల్స్, రేవెన్స్, బెంగాల్స్, లయన్స్?

ఆగస్టు వచ్చిందంటే చాలు, అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ఫాంటసీ లీగుల్లో, అంటే అసలు ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి ఆడే పోటీల్లో ఉన్న మనవాళ్లంతా అడిగేది ఒకటే: "అన్నా, ఈసారి ఎవరి అఫెన్స్‌ని పైన పెడతావ్?" అఫెన్స్ అంటే బంతి చేతిలో పెట్టుకుని పాయింట్ల కోసం ఆడే దళం, దాన్ని ఆపేది డిఫెన్స్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నాను. ఇది 2025 ఆగస్టు నాటి రాత: 2025 సీజన్ సెప్టెంబర్ 4న మొదలవుతోంది, పోయినేడు అంటే 2024 సీజన్. అప్పటిదాకా ఎవరి లెక్క వాళ్లది.

ముందు ఒకటి తేల్చుకోండి. ఫాంటసీ డ్రాఫ్ట్‌లో ఎవరిని తీసుకోవాలనేది వేరు, ఏ జట్టు అఫెన్స్ గట్టిదనేది వేరు. మొదటిదానికి జవాబు సులువు, బెంగాల్స్ రిసీవర్ (పాసులు అందుకునేవాడు) జమార్ చేజ్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. నేను రాస్తున్నది రెండోదాని గురించి.

ఇప్పుడు వస్తున్న ర్యాంకింగుల్లో చాలావరకు పోయినేడు స్కోరు పట్టికకి కొత్త రంగు పూసినవే. 2024లో లయన్స్ 564 పాయింట్లు, బిల్స్ 525, రేవెన్స్ 518, బెంగాల్స్ 472. ఇదే వరస దించేసుకుంటే ఇంక మనం వాదించుకునేదేముంది? నేను చూసేవి రెండే. పోయినేడు ప్లేలు కాల్ చేసినవాడు, అంటే ప్రతిసారీ ఏ ఎత్తు వెయ్యాలో చెప్పినవాడు, ఇంకా అక్కడే ఉన్నాడా? ముందు కాపలా నిలబడే ఐదుగురు లైన్‌మన్‌లలో (మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు) ఎంతమంది మిగిలారు? క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) గొప్పవాడు కావాలనేది ఎలాగూ ఉంది, ఈ నాలుగు జట్లకూ ఆ లోటు లేదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ప్లే కాలర్ మీద నాకింత పట్టు ఎందుకంటే అట్లాంటా సంగతి చూడండి. 2016లో ఫాల్కన్స్ 540 పాయింట్లు చేసింది, క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్ ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడు). సూపర్ బౌల్ (ఫైనల్) అవగానే ప్లేలు కాల్ చేసే కోఆర్డినేటర్ కైల్ షనహాన్ శాన్‌ఫ్రాన్సిస్కోకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. మరుసటేడు అదే రయన్, అదే రిసీవర్ హూలియో జోన్స్, ఒక గార్డ్ తప్ప అదే లైన్. చేసిన పాయింట్లు మాత్రం 353. రయన్ టచ్‌డౌన్ పాసులు (చివరి గీత దాటి పాయింట్లు తెచ్చేవి) 38 నుంచి 20కి పడిపోయాయి. అంతకుముందు మిన్నెసోటాదీ ఇదే కథ: 1998లో 556 పాయింట్లతో అప్పటి రికార్డు, కోఆర్డినేటర్ బ్రయన్ బిలిక్ బాల్టిమోర్‌కి వెళ్లాక 1999లో 399.

దీనికి ఎదురు ఉదాహరణ సెయింట్ లూయిస్ రామ్స్. 1999లో 526 పాయింట్లు చేసి టైటిల్ గెలిచాక హెడ్ కోచ్ డిక్ వర్మీల్ రిటైరయ్యాడు. కానీ ప్లేలు కాల్ చేసే మైక్ మార్ట్జే హెడ్ కోచ్ అయ్యాడు. 2000లో క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్ గాయంతో ఐదు మ్యాచ్‌లు మొదలుపెట్టకపోయినా రామ్స్ 540 చేసింది. అంటే పెద్ద కుర్చీలో మనిషి మారినా ఫర్వాలేదు, ప్లేల కాగితం చేతులు మారితేనే తేడా కొడుతుంది. పైకెళ్లిన ఏ జట్టైనా మరుసటేడు కాస్త దిగడం మామూలే అంటారా, ఒప్పుకుంటాను. కానీ 187 పాయింట్లు దిగడం మామూలు కాదు.

ఈ కొలతతో చూస్తే ముందు దెబ్బ తినేది లయన్స్. నాకు వాళ్ల ఆట చాలా ఇష్టం, అయినా తప్పదు. కోఆర్డినేటర్ బెన్ జాన్సన్ షికాగోకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు, అదీ సొంత డివిజన్‌లోకే. ఆయన చోటుకి జాన్ మోర్టన్ వచ్చాడు. 2022లో ఇక్కడే పనిచేసినవాడు కాబట్టి పూర్తిగా కొత్తవాడేం కాదు. అసలు గుండె గుభేల్మన్నది జూన్‌లో, సెంటర్ ఫ్రాంక్ రాగ్నో 29 ఏళ్లకే ఆట మానేసినప్పుడు.

డెట్రాయిట్ (లయన్స్) ప్లే యాక్షన్‌ని, అంటే పరిగెత్తబోతున్నట్టు నటించి పాసు విసిరే ఎత్తుని, ఒకసారి మెల్లగా తిప్పి చూడండి. బంతి అందగానే క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ డిఫెన్స్‌కి వీపు పెట్టి, రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) జమీర్ గిబ్స్ పొట్టలో బంతి పెట్టినట్టే పెట్టి వెనక్కి లాగేస్తాడు. ఆ కాసేపు ఎదురుగా ఎవరొస్తున్నారో అతనికి కనపడదు. గాఫ్ పరిగెత్తి తప్పించుకునే రకం కూడా కాదు. అంత ధైర్యంగా వీపు తిప్పగలగడానికి కారణం, స్నాప్‌కి (సెంటర్ బంతి వెనక్కి అందించడానికి) ముందే రాగ్నో ఎదుటి లైన్‌బ్యాకర్లను (డిఫెన్స్ లైన్ వెనక ఉండేవాళ్లను) చూసి, వేలు చూపించి, ఎవరు ఎవరిని ఆపాలో అరిచి చెప్పడం. ఇప్పుడు ఆ పని గ్రాహమ్ గ్లాస్గో చెయ్యాలి. కుడి గార్డ్ కెవిన్ జైట్లర్ టెనెసీకి పోయాడు, అక్కడికి రూకీ (మొదటేడు ఆటగాడు) టేట్ రాట్లెడ్జ్. ఎడమ గార్డ్ చోటుకి క్రిస్టియన్ మహోగనీ. మధ్య మూడు స్థానాల్లో ఒక్కటీ పోయినేడులా లేదు. పినే సూవెల్, టేలర్ డెక్కర్ చివర్లలో ఉన్నారు కాబట్టి కుప్పకూలిపోదు, కానీ మళ్లీ 564 అంటే నేను నమ్మను.

బెంగాల్స్‌కి ప్లే కాలర్ సమస్య లేదు. హెడ్ కోచ్ జాక్ టేలరే కాల్ చేస్తాడు. రిసీవర్లు చేజ్, టీ హిగ్గిన్స్ ఇద్దరికీ మార్చిలో పెద్ద కాంట్రాక్టులు ఇచ్చారు. 2024లో క్వార్టర్‌బ్యాక్ జో బరో 4,918 యార్డ్లు, 43 టచ్‌డౌన్ పాసులు, రెండింటిలోనూ లీగ్‌లో మొదటివాడు. చేజ్ 127 క్యాచ్‌లు, 1,708 యార్డ్లు, 17 టచ్‌డౌన్లు. ఇంత చేసీ 9-8తో (9 గెలుపులు, 8 ఓటములు) ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ మ్యాచ్‌లకి) వెళ్లలేదు. 33 లేదా అంతకంటే ఎక్కువ పాయింట్లు చేసి నాలుగు మ్యాచ్‌లు ఓడారు, అందులో ఒకటి స్టీలర్స్ మీద 44-38. డిఫెన్స్ చిల్లు కుండ అయితే అఫెన్స్ ఎప్పుడూ విసురుతూనే ఉండాలి, అంకెలు ఉబ్బుతాయి. అది వాళ్ల తప్పు కాదనుకోండి. నా అనుమానం లైన్ మీద. బరోని పోయినేడు 48 సార్లు శాక్ చేశారు (బంతి విసరకముందే పడగొట్టారు), ఈసారి రెండు గార్డ్ స్థానాలూ కొత్తవాళ్లవే. విసిరే ఆటకి అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

ఇక మిగిలింది అసలు పోటీ, రేవెన్స్‌తో బిల్స్. ప్రతిభ ఒక్కటే కొలిస్తే రేవెన్స్‌ని మించింది లేదు. ఒకే సీజన్‌లో 4,000 పాసింగ్ యార్డ్లు, 3,000 రషింగ్ (పరిగెత్తి తెచ్చిన) యార్డ్లు దాటిన మొదటి జట్టు చరిత్రలో అదే. క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ 41 టచ్‌డౌన్ పాసులకి 4 ఇంటర్‌సెప్షన్లే (ఎదుటివాళ్లు పట్టేసిన పాసులు) ఇచ్చాడు, డెరిక్ హెన్రీ 1,921 యార్డ్లు పరిగెత్తాడు. కోఆర్డినేటర్ టాడ్ మంకెన్ 2025కీ ఉన్నాడు, లైన్‌లో ఎడమ గార్డ్ పాట్రిక్ మెకారీ ఒక్కడే పోయాడు. హెన్రీకి 31 ఏళ్లు నిండాయి, రన్నింగ్ బ్యాక్‌కి అది చిన్న వయసు కాదు. అయినా పోయినేడు కూడా ఇదే అన్నారు, అతను విన్లేదు.

బిల్స్ పేర్ల జాబితా చూస్తే క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ తర్వాత పెదవి విరుస్తారు. నిజమే, వాళ్లలో ఎక్కువ యార్డ్లు పట్టిన ఖలీల్ షకీర్ 821 దగ్గర ఆగాడు. "పెద్ద రిసీవర్ లేకుండా నంబర్ వన్ ఏంటన్నా?" అని ఇప్పటికే తిట్లు తిన్నాను. కానీ పెద్ద రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని హ్యూస్టన్‌కి పంపేసిన ఏడే బిల్స్ స్కోరు 451 నుంచి 525కి పెరిగింది. అటు హ్యూస్టన్‌ని 2024 ఆగస్టులో అందరూ ఆకాశానికెత్తారు. డిగ్స్ అక్టోబర్‌లో మోకాలికి దెబ్బ తిన్నాడన్న మాట నిజమే, కానీ అంతకన్నా పెద్ద దెబ్బ లైన్‌ది. సీజన్ మొత్తంలో హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్‌ని 52 సార్లు శాక్ చేశారు, జనవరిలో కోఆర్డినేటర్ ఉద్యోగమూ పోయింది. అదే ఏడు ఆలెన్ మీద శాక్‌లు ఎన్నో తెలుసా? 14.

ఆ 14 వెనక ఉన్న ఐదుగురూ, డాకిన్స్, ఎడ్వర్డ్స్, మెక్‌గవర్న్, టోరెన్స్, స్పెన్సర్ బ్రౌన్, ఒక్కరు కూడా మారకుండా తిరిగొస్తున్నారు. కోఆర్డినేటర్ జో బ్రేడీ కూడా 2025కి ఉన్నాడు. ఆరో లైన్‌మన్‌గా అలెక్ ఆండర్సన్‌ని దింపి, ఎదుటి జట్టు రన్ వస్తుందని ముందుకు కుమ్ముకొచ్చేలా చేసి, వెనక ఆలెన్ చేత బంతి వేయించడం బ్రేడీకి సరదా. 30 రషింగ్ టచ్‌డౌన్లు, 30 పాసింగ్ టచ్‌డౌన్లు ఒకే సీజన్‌లో చేసిన మొదటి జట్టు వీళ్లే. కాంట్రాక్టు కోసం ప్రాక్టీసు మానుకుని కూర్చున్న రన్నింగ్ బ్యాక్ జేమ్స్ కుక్ కూడా సంతకం పెట్టేశాడు.

బిల్స్‌లో నాకు టెన్షన్ పెట్టేది ఒకటుంది. పోయినేడు మొత్తం మీద వాళ్లు బంతి పోగొట్టుకున్నది 8 సార్లే. అలాంటిది రెండేళ్లు వరసగా జరగదు. 2025 జనవరిలో బఫెలో (బిల్స్ ఊరు) మంచులో రేవెన్స్‌తో ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌నే చూడండి. రేవెన్స్ మూడుసార్లు బంతి ఇచ్చేసింది, బిల్స్ ఒక్కసారీ ఇవ్వలేదు. అయినా చివర్లో రేవెన్స్ ఆటగాడు మార్క్ ఆండ్రూస్ చేతుల్లో పడ్డ రెండు పాయింట్ల పాసు జారిపోకపోయుంటే 27-27. ఆ మ్యాచ్ చూసినవాళ్లెవరూ ఈ రెండింటి మధ్య దూరం ఎక్కువుందని అనరు. నాకు బిల్స్ ఒకటి, రేవెన్స్ రెండు. సెప్టెంబర్ 7 ఆదివారం రాత్రి మళ్లీ బఫెలోలోనే తలపడుతున్నారు. ఆ ఒక్క మ్యాచ్ చూసి వరస మార్చమని నన్ను అడగొద్దు. మూడు బెంగాల్స్, నాలుగు లయన్స్.

ఐదు ఈగిల్స్. టైటిల్ గెలిచిన జట్టు, రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ 2,005 యార్డ్లు, ఐదో స్థానమేంటి అంటారు. కోఆర్డినేటర్ కెలెన్ మూర్ న్యూ ఆర్లీన్స్‌కి వెళ్లాడు, కెవిన్ పటూలోకి పగ్గాలిచ్చారు. 2023లో కోఆర్డినేటర్ షేన్ స్టైకెన్ వెళ్లాక ఇలాగే లోపలివాడికి ఇచ్చి, 10-1తో మొదలుపెట్టి ఎంత దారుణంగా ముగించారో గుర్తుంది కదా. కమాండర్స్ ఆరు, క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్‌కి రెండో ఏడు. రామ్స్ ఏడు, క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్ నడుము నొప్పి తగ్గితే పైకి జరుపుతాను. చీఫ్స్ పోయినేడు 15 మ్యాచ్‌లు గెలిచినా చేసింది 385 పాయింట్లే, ఎనిమిది చాలు.

ఫ్రిస్కోలోని డాలస్ కౌబాయ్స్ అభిమానులకి: రిసీవర్ జార్జ్ పికెన్స్ రావడం మంచిదే, ఇంకో రిసీవర్ సీడీ లాంబ్‌కి కాస్త ఊపిరి ఆడుతుంది. కానీ గార్డ్ జాక్ మార్టిన్ రిటైరయ్యాడు, ఆ చోట రూకీ టైలర్ బుకర్. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ పోయినేడు సగం సీజన్ ఆడలేదు. ప్లేలు కాల్ చేసేది కొత్త హెడ్ కోచ్ బ్రయన్ షాటెన్‌హైమర్. తొమ్మిది.