పాత బ్లూస్, కేజన్ రికార్డులు: మొత్తం కొనాలా, ఏరినవి కొనాలా?

ఈ ఏడాదిలోనే ఐదారుగురు అడిగారు. మాటలు వేరైనా ప్రశ్న ఒక్కటే. "చార్లీ పాటన్‌వి కొందామని చూస్తే పది రకాలున్నాయండీ. పాటలు అవే, ధరలు మాత్రం ఒకదానికి పదింతలు. ఏది మేలు?" (పాటన్ అంటే 1930 ప్రాంతంలో పాడిన అమెరికా నల్లజాతి బ్లూస్ గాయకుడు.) వాళ్లలో ఇద్దరు కేజన్ గురించి, అంటే లూసియానాలో ఫ్రెంచి మాట్లాడేవాళ్ల అకార్డియన్, ఫిడేలు పాటల గురించి కూడా అడిగారు. హైదరాబాదులో కేజన్ వినేది నేనొక్కణ్నే అనుకునేవాణ్ని, కాదన్నమాట.

ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చాను, ఇప్పుడు అందరికీ కలిపి చెబుతున్నాను. మొన్న దసరాకి అలమర దులుపుతుంటే చోటు చాల్లేదు. పాతిక దాకా 'డాక్యుమెంట్' అనే కంపెనీ సీడీలు దొంతరగా కట్టి ఒక మిత్రుడికి ఇచ్చేశాను. సంపాదించడానికి ఎనిమిదేళ్లు పట్టినవి అవి. అయినా బాధ కలగలేదు, అదే ఆశ్చర్యం.

మార్కెట్లో ఉన్న రకాలు ముందు గబగబా చెప్పేస్తాను. వియన్నాలో జానీ పార్త్ మొదలుపెట్టిన డాక్యుమెంట్‌ది ఒక పద్ధతి: రెండో ప్రపంచ యుద్ధం నాటి వరకు ఒక గాయకుడు ఇచ్చిన ప్రతి పాటా, రికార్డు చేసిన తేదీల వరసలో, ఒక్కటీ వదలకుండా. న్యూయార్క్‌లో నిక్ పెర్ల్స్ 1960ల చివర్లో పెట్టిన యాజూది దానికి పూర్తిగా ఎదురు పద్ధతి: మంచి గ్రామఫోను ప్లేటు దొరికిన మంచి పాటలు ఏరి, వినడానికి బాగుండే వరసలో పేర్చడం. ఈ రెండింటి మధ్య ఇంగ్లండు జేఎస్‌పీ వాళ్ల నాలుగైదు సీడీల చవక బాక్సులు. అందరికీ పైన, దేవుడి గదిలో పెట్టుకునేంత ఖరీదైనవి: 2001లో రెవెనెంట్ వేసిన ఏడు సీడీల పాటన్ బాక్సు లాంటివి.

నేను మొదట్లో 'మొత్తం కావాలి' బాపతే. ఒక గాయకుడు నచ్చితే ఆయన దగ్గినదీ తుమ్మినదీ కూడా ఇంట్లో ఉండాలనేవాణ్ని. కొన్నాను కూడా. తీరా వినబోతే తెలిసింది, తేదీల వరస చెవికి పనికొచ్చే వరస కాదని. అప్పట్లో ఒక్క రోజులో పది పన్నెండు పాటలు కానిచ్చేవాళ్లు. పాటన్ అయితే 1929 జూన్ 14న ఇండియానాలోని రిచ్‌మండ్‌లో ఒక్క రోజే పద్నాలుగు పాడాడు. పాటన్ కాబట్టి సరిపోయింది. ఆయన స్థాయి లేని గాయకుడు అదే శృతిలో, అదే దరువు మీద, అదే మెట్టులో వరసగా ఆరు పాటలు పాడితే, ఆ మధ్యలో ఒకే పాట రెండోసారి పాడింది కూడా ఉంటే, మూడో పాటకే నేను లేచి కాఫీ పెట్టుకునేవాణ్ని. నిఘంటువు కొనుక్కోవచ్చు, రోజూ కొంత తిరగెయ్యవచ్చు కూడా. కానీ 'అ' దగ్గర మొదలుపెట్టి కథలా చదవలేం కదా.

అలాగని పార్త్ చేసిన పనిని తక్కువ చెయ్యలేను. ఆ పుణ్యాత్ముడు లేకపోతే ఈ పాటల్లో సగం, పెద్ద కలెక్టర్ల ఇళ్లలో తలుపులేసుకుని వినేవిగానే మిగిలేవి. మన పద్య నాటకాల గ్రామఫోను ప్లేట్లకి అలాంటి పిచ్చివాడు ఒక్కడైనా పుట్టి, పాడిన ప్రతి పద్యాన్నీ తేదీల వరసలో వేసి ఉంటే ఎంత బాగుండేదో!

నా లెక్కలో తేల్చేది మాత్రం పాటల సంఖ్య కాదు. ఏ ప్లేటు నుంచి సీడీకి ఎక్కించారు, ఎక్కించాక దాన్ని ఎంత కడిగారు అన్నదే.

పాటన్ ఎక్కువగా పాడింది పారమౌంట్‌కి. అది విస్కాన్సిన్‌లో ఒక కుర్చీల కంపెనీకి పిల్ల కంపెనీ. గ్రామఫోను పెట్టెలు చేసి అమ్మేవాళ్లు, పెట్టె కొన్నవాడికి లోపల పెట్టుకోవడానికి ప్లేటు కావాలి కాబట్టి పాటల్లోకి దిగారు. ప్లేట్లు లక్కతో చేసేవాళ్లు. ఆ రోజుల్లో లక్క చాలావరకు మన దేశం నుంచే వెళ్లేది. పారమౌంట్ వాళ్లు అందులో నాసిరకం సరుకు కలిపి అచ్చేసేవాళ్లు, కొత్త ప్లేటే గరగరలాడేది. 1930ల మొదట్లో కంపెనీ మూతపడింది, లోహపు అచ్చులు తుక్కు కింద పోయాయి. కాబట్టి ఇవాళ మనం వినే దాదాపు ప్రతి పారమౌంట్ పాటా ఎవరింట్లోనో మిగిలిన, వందలసార్లు అరిగిన ప్లేటు నుంచి తీసిందే. కొన్నిటికి లోకం మొత్తమ్మీద మిగిలింది ఒకటో రెండో ప్లేట్లు.

అరిగిన ప్లేటులోంచి పాట లాగడం ఒక విద్య. పాత స్టీలు ముళ్లు గాడి గోడల్ని ఒక ఎత్తులోనే అరగదీస్తాయి. దానికన్నా కొంచెం లావుదో సన్నదో ముల్లు పెడితే అరగని చోట తగులుతుంది, అక్కడ పాట ఇంకా బతికే ఉంటుంది. ఒక్క ప్లేటుకి నాలుగైదు ముళ్లు మార్చి చూసేవాళ్లున్నారు. ఆ తర్వాత శుభ్రం చెయ్యడం. చిటపటల్ని ఒక్కొక్కటిగా ఏరెయ్యడం వల్ల పెద్ద నష్టం లేదు, బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే. చిక్కంతా వెనకాల సుయ్‌మనే హోరుతో. దాన్ని కంప్యూటర్‌తో మొత్తంగా తుడిచేస్తే, దాంతో పాటే తీగని మీటినప్పుడు వచ్చే గీరు, గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు, గొంతులో జీర కూడా పోతాయి. అవన్నీ ఉండేది ఆ హోరులోనే మరి.

ఒక్క పాట తీసుకుని చూద్దాం. 1927 మిసిసిపీ వరద మీద పాటన్ 1929 చివర్లో 'హై వాటర్ ఎవ్రీవేర్' పాడాడు. ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలే పడుతుంది కాబట్టి వరద కూడా రెండు ముక్కలైంది. (మన పద్యాల ప్లేట్లలోనూ అంతే. రాగం లాగి లాగి, టైమైపోతోందని హఠాత్తుగా ఆఖరి పాదం మీద పడతారు.) మొదటి భాగంలో పాటన్ ఒక పక్క కాలితో నేలని తన్నుతూ, ఇంకో పక్క గిటారు చెక్క మీద కొడుతూ, ఆ రెంటి మీద అరుస్తూ పాడతాడు. ఊరొదిలి ఎటు పోవాలో తెలియక తిరిగే మనిషి గొంతు అది. ఎందుకోగాని కాకరపర్తి గట్టు మీద నిలబడి మా తాతయ్య గోదావరిని తిట్టిన తిట్లు గుర్తొస్తాయి నాకు.

ఈ పాట నా దగ్గర మూడు రకాలుగా ఉండేది. యాజూలో మొదటి పది సెకన్లు గరగర వినిపిస్తుంది, తర్వాత చెవి దాన్ని వదిలేస్తుంది, మనిషి ముందుకొచ్చి నిలబడతాడు. కాలి దరువు నేల మీదే పడుతుంది. రెవెనెంట్ బాక్సులో ఇంకొంచెం లోతుగా, ఇంకొంచెం దగ్గరగా ఉంటుంది. కాదనను. మూడోది పేరు చెప్పను, ఒక చవక బాక్సు. హోరు ఒక్క చుక్క లేదు. దరువూ లేదు. దుప్పటి ముసుగేసుకుని పక్కగదిలో ఎవరో పాడుతున్నట్టు ఉంటుంది. మొదటిసారి వినిపించినప్పుడు మా ఆవిడ "ఇదే బాగుంది, శుభ్రంగా ఉంది" అంది. యాజూది పక్కనే పెట్టి మళ్లీ వినిపించాక ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లింది. మా ఇంట్లో అది ఒప్పుకోవడం కిందే లెక్క.

మరి రెవెనెంట్ బాక్సు కొనమంటారా అంటే, డబ్బుకి కొదవ లేకపోతే, బరువు మొయ్యగలిగితే, కొనండి. పాత రోజుల ఆల్బం పుస్తకం లాగా చేశారు, పాటన్ మీద గిటారిస్టు జాన్ ఫాహీ రాసిన పరిశోధన కూడా అందులో ఉంది. పాపం ఫాహీ అది బయటికొచ్చే ముందే, 2001 ఫిబ్రవరిలో పోయాడు. నేను దాన్ని ఏడాదికి రెండుసార్లు తీస్తాను. యాజూది అలమరలోకి వెళ్లిందే లేదు, ప్లేయర్ పక్కనే ఉంటుంది.

'మొత్తం' మాట మీద ఇంకొక్క సంగతి. సన్ హౌస్ అనే బ్లూస్ గాయకుడు 1930లో విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్‌లో పారమౌంట్‌కి పాడిన వాటిలో ఒక ప్లేటు, 'క్లార్క్స్‌డేల్ మోన్' ఉన్నది, దశాబ్దాల తరబడి ఎవరికీ దొరకలేదు. అంచేత అప్పటిదాకా ఆయన 'సంపూర్ణ' సీడీ కొన్నవాళ్లందరి దగ్గరా ఉన్నది అసంపూర్ణమే. చివరికి ఒక ప్లేటు బయటపడి 2006లో యాజూ సంకలనంలో వచ్చింది. అదే సెషన్‌కి వెళ్లిన విల్లీ బ్రౌన్ ప్లేటు ఒకటి ఈనాటికీ దొరకలేదు.

కేజన్‌కి వచ్చేసరికి నా లెక్క కొంచెం తిరగబడుతుంది. జో ఫాల్కన్, క్లియోమా బ్రో కలిసి 1928 ఏప్రిల్‌లో న్యూ ఆర్లియన్స్‌లో 'అలోన్ ఎ లాఫయెట్' పాడింది కొలంబియాకి. కొలంబియా తర్వాత కేజన్‌లోకి దిగినవాళ్లు విక్టర్, బ్రన్స్‌విక్, ఓకే (Okeh). పెద్ద కంపెనీలు, మంచి మైకులు, మంచి లక్క. పారమౌంట్ పెట్టే బాధ ఇక్కడ తక్కువ. పైగా ఇంకో వెసులుబాటు ఉంది. పాత ప్లేట్లన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్లు తిరిగేవి కావు. పాటన్ ప్లేటు ఏ వేగంలో తిప్పాలో తేల్చడం కష్టం, గిటారుని ఆయన ఎంతకి బిగించాడో ఎవరికి తెలుసు? కేజన్ అకార్డియన్ శృతి మాత్రం రేకులకే ఉంటుంది, వాయించేవాడి చేతిలో ఉండదు. ఆ రోజుల్లో వాయించిన జర్మనీ పెట్టెలు ఎక్కువగా సీ (C) శృతిలోనో డీ (D) శృతిలోనో ఉండేవి. పాట ఈ రెంటికీ మధ్య ఎక్కడో పలికితే వేగం తప్పిందేమో అని అనుమానించవచ్చు. నాటకాల హార్మోనియంతో మన పాత పద్యాల ప్లేట్లని కూడా ఇలాగే పట్టుకోవచ్చు, చేసి చూశాను.

అందుకని కేజన్‌లో నేను ముందు చూసేది శబ్దం కాదు, లోపలి పుస్తకం. పాటలు ఫ్రెంచిలో, అదీ లూసియానా ఫ్రెంచిలో. పారిస్ ఫ్రెంచి వచ్చినవాళ్లే తడబడతారు, మన సంగతి చెప్పేదేముంది. సాహిత్యం, అర్థం ఇచ్చారో లేదో చూసుకుని కొనండి.

అమెదే ఆర్డ్వాన్ విషయంలో మాత్రం నేను 'మొత్తం' పార్టీనే. ఆయన 1929 నుంచి 1934 దాకా పాడింది ముప్ఫై నాలుగు పాటలు. అంతే. లూసియానా ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి (క్రియోల్) మనిషి అకార్డియన్, పక్కన తెల్లవాడు డెన్నిస్ మెగీ ఫిడేలు. ఆ రోజుల్లో, ఆ ఊళ్లలో! 1942లో పైన్‌విల్ ఆసుపత్రిలో పోయాడు. ఆ గొంతు పైకి లేచినప్పుడు ఎక్కడ విరుగుతుందో అని ప్రతిసారీ భయమేస్తుంది, విరగదు. ఇందులో దేన్ని ఏరతాం, దేన్ని వదిలేస్తాం? టాంప్‌కిన్స్ స్క్వేర్ కంపెనీ 2011లో రెండు సీడీల్లో మొత్తం వేసింది, అది కొనండి. దొరక్కపోతే ఆర్‌హూలీది ఒక్క సీడీ ఉంది. క్రిస్ స్ట్రాక్‌విట్జ్ పెట్టిన కంపెనీ కాబట్టి శ్రద్ధకి లోటుండదు. 2016 నుంచి ఆర్‌హూలీ అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ చేతిలో ఉంది, కాబట్టి దొరక్కుండా పోతుందన్న బెంగ లేదు.

కేజన్‌లో నాలుగైదుగురిని రుచి చూడాలంటే జేఎస్‌పీ నాలుగు సీడీల బాక్సు చవకలో అయిపోతుంది. ఫిడేలు మీద మోజున్నవాళ్లు డెన్నిస్ మెగీ యాజూ సీడీకి వెళ్లండి.

మిగతావి. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్‌కి ఇంత చర్చ అక్కర్లేదు, ఉన్నవి ఇరవై తొమ్మిది పాటలు, కొలంబియా రెండు సీడీలు తీసుకోండి. ఎల్‌పీలు చూడ్డానికి అందంగా ఉంటాయి. ఓక్ చెక్క పెట్టెలో వచ్చిన పారమౌంట్ బాక్సు ఒక మిత్రుడింట్లో చూశాను, దాన్ని ఎత్తడానికి ఇద్దరం పట్టాం. స్ట్రీమింగులో అన్నీ ఉన్నాయి గానీ ఏది ఎవరు ఎక్కించారో చెప్పరు. ఒక చోట అమెదే ఆర్డ్వాన్ పేరు నొక్కితే క్లియోమాకి అన్నయ్య అయిన అమెదే బ్రో పాట వచ్చింది. బొమ్మ మాత్రం మూడో మనిషిది.

కొనడం ఎలా అని కూడా అడుగుతున్నారు. పార్సిల్‌లో తెప్పిస్తే కస్టమ్స్ వాళ్లు ఎంత వేస్తారో చెప్పలేం, ఒకసారి నాకు సీడీ ధర కన్నా అదే ఎక్కువైంది. ఇప్పుడు డల్లాస్ నుంచి మా బావమరిది సంక్రాంతికి వస్తుంటే ఆయన అడ్రసుకే ఆర్డరు పెడుతున్నాను. పోయినసారి నాలుగు తెచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ చోట్లో మా అత్తగారి గోంగూర పచ్చడి వెళ్లింది. ఈసారి రెండే తెమ్మన్నాను, రెండూ యాజూవే.