మహానాడు రోజుల్లో టీవీ డిబేట్లు: కడప నుంచి నా రివ్యూ

2025 మే 27 నుంచి 29 దాకా టీడీపీ ఏటా పెట్టుకునే పార్టీ సభ, అదే మహానాడు, మా కడపలోనే జరిగింది కదా, ఈ జిల్లాలో పెట్టడం అదే మొదటిసారి, అందుకని ఆ మూడు రోజులూ మా ఇంట్లో న్యూస్ చానళ్ళు తప్ప ఇంకోటి పెట్టలే. నెలనెలా కేబుల్‌కి డబ్బులు కడతా ఉన్నాం కాబట్టి వాళ్ళ పని ఎట్లుందో చెప్పే హక్కు మనకుంది. చానళ్ళ పేర్లు రాయను, ఏది ఎటువైపో మన దగ్గర చిన్న పిల్లోల్ని అడిగినా చెప్తారు.

ఫీల్డ్ రిపోర్టర్లకి మాత్రం ఫుల్ మార్కులు. ఆ ఎండలో నిలబడి జనం ఎట్లొస్తున్నారు, లోపల ఏం జరుగుతాంది అని బాగా చెప్పినారు పాపం.

ఇబ్బందంతా స్టూడియోలోనే. ఒక చానల్లో నలుగుర్ని కూర్చోబెట్టినారు, టీడీపీ ఒకరు, వైసీపీ ఒకరు, ఒక సీనియర్ జర్నలిస్టు, ఒక రాజకీయ విశ్లేషకులు. మా నాయన చూసి, రెండు పార్టీలూ వచ్చినాయి కదరా ఇంకేం కావాల అన్నాడు. కానీ కాసేపు వింటే ఆ విశ్లేషకులు గారు 2024లో టీడీపీ గెలుపు గురించి చెప్తా చెప్తా "మనం గెలిచినప్పుడు" అనేశారు, యాంకర్ ఆపను కూడా ఆపలే. అంటే వైసీపీ ఆయన ఒక్కడి మీద ఇద్దరు, యాంకర్‌తో కలిపితే ముగ్గురు. ఆ ఒకాయన మాట్లాడబోతే మైక్ కట్, డబ్బాలో పెదాలు కదులుతాంటాయి, సౌండ్ రాదు. సరే అని అవతలి చానల్ పెడితే అక్కడ ఇదే తిరగేసి ఉంది, సభంతా వదిలేసి వెనకాల ఖాళీ కుర్చీలు మళ్ళీ మళ్ళీ చూపిస్తా దాని మీదే గంట చర్చ.

అమెరికాలో 1968లో ఏబీసీ చానల్ రిపబ్లికన్ల కన్వెన్షన్‌కీ (అంటే పార్టీ మహాసభ) డెమొక్రాట్ల కన్వెన్షన్‌కీ అదే ఇద్దర్ని కూర్చోబెట్టింది, అటు రైటు వైపు రచయిత విలియం బక్లీ, ఇటు లెఫ్టు వైపు రచయిత గోర్ విడాల్. లైవ్‌లో ఘోరంగా తిట్టుకున్నారు, అది నేను మెచ్చుకోను, కానీ ఎవరు ఎటువైపో చూసేవాళ్ళకి క్లియర్‌గా తెలుసు. మనకి పార్టీ మనిషి పేరు కింద విశ్లేషకులు అని వేస్తారు, నాకు బాగా కోపమొచ్చేది అక్కడే.

ఇంకోటి, నిజంగా బాధేసింది. మహానాడులో లోకేశ్ గారు పార్టీకి చెప్పిన ఆరు సూత్రాలు, అదే ఆరు శాసనాల మీద ఒక చానల్ పొగడ్తలు, ఇంకోటి తిట్లు, కానీ కడపలో కూర్చుని కడపకి చెప్పిన ఉక్కు ఫ్యాక్టరీ గురించి గట్టిగా అడిగినోళ్ళు నాకు కనపడలే. 2007లో వైఎస్ హయాంలో బ్రాహ్మణి స్టీల్స్‌కి శంకుస్థాపన, 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఇక్కడ ఉక్కు ప్లాంటు సాధ్యమా కాదా కేంద్ర ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ చూడాలని రాసినారు, 2018లో చంద్రబాబు గారు ఇంకో శంకుస్థాపన, 2019లో జగన్ గారు ఇంకోటి, 2023లో ప్రైవేటు ఉక్కు కంపెనీ జేఎస్‌డబ్ల్యూతో మళ్ళీ ఇంకోటి. ఇన్నిసార్లు శంకుస్థాపన ఎందుకు చెయ్యాల్సొచ్చింది అనే ఈ ఒక్క ప్రశ్న అడిగితే ప్రతి పార్టీ జవాబు చెప్పుకోవాల్సిందే, కేంద్రంలో ఉన్న బీజేపీతో సహా. బీజేపీకీ కమ్యూనిస్టులకీ అసలు కుర్చీనే వెయ్యలే, ఉక్కు కోసం ఇక్కడ ఏళ్ళ తరబడి ధర్నాలు చేసినోళ్ళని ఒక్కర్ని కూడా పిలవలే.

2022లో వైసీపీ ప్లీనరీ, అంటే వాళ్ళ పార్టీ మహాసభ, అప్పుడు కూడా ఇంతే, జగన్ గారిని జీవితకాల అధ్యక్షుడు అని తీర్మానం చేస్తే ఒక చానల్‌కి అది పండగ, ఇంకో చానల్‌కి దారుణం, పార్టీలో ఎన్నికలు ఎట్లా జరగాలి అనే అసలు విషయం ఎవరూ ముట్టుకోలే. తర్వాత ఎన్నికల సంఘమే అట్లాంటి పదవి కుదరదు అని చెప్పాల్సొచ్చింది.

నా రేటింగ్ ఫీల్డ్ కవరేజీకి ఐదుకి నాలుగు, స్టూడియో డిబేట్‌కి ఒకటి. చానళ్ళోళ్ళని అడిగేది ఒకటే, వచ్చే ప్లీనరీకైనా మహానాడుకైనా అదే యాంకర్, అదే ప్యానెల్ పెట్టండి, పార్టీ మనిషైతే పేరు కింద పార్టీ పేరే వెయ్యండి, సభ ఏ ఊర్లో జరిగితే ఆ ఊరి మనిషికి ఒక కుర్చీ వెయ్యండి.