బందరు కలంకారీ కోసం వెళ్తున్నారా, అయితే పెడనలో దిగండి

కలంకారీ, అంటే చెక్క అచ్చులతో రంగులద్దిన బట్టలు, కొనడానికి బందరు (మచిలీపట్నం) వెళ్దాం అనుకునేవాళ్ళకి ముందే ఒక మాట, అసలు సరుకు పెడనలో ఉంటుంది. బందరు నుంచి ఓ పది కిలోమీటర్లు, గుడివాడ వైపు, రైల్వే స్టేషన్ కూడా ఉంది. నేనూ మా వదినా విజయవాడ బస్టాండులో బందరు బస్సెక్కి, దిగాక ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. షేర్ ఆటోలున్నాయి కానీ తిరిగొచ్చేటప్పుడు చీరల మూటలు ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కుని కూర్చోవడం మా వదిన వల్ల అయ్యే పని కాదు.

బందరు కోనేరు సెంటర్ వైపు షాపుల్లో కూడా కలంకారీ అని చూపించారు, మేం చూసినంతలో చాలావరకు స్క్రీన్ ప్రింటే. అదేం తప్పు సరుకు కాదు, చవక, నైటీలకి దుప్పట్లకి కర్టెన్లకి బ్రహ్మాండంగా సరిపోతుంది, కాకపోతే చెక్క అచ్చు రేటిచ్చి స్క్రీన్ తెచ్చుకోవద్దు. చేత్తో అచ్చేసినదాంట్లో డిజైన్ కలిసే చోట వెంట్రుకవాసి జరిగి ఉంటుంది, ఒక పువ్వు ముదురు, పక్కది కాస్త లేత. గజాల కొద్దీ ఎక్కడా తేడా లేకుండా ఉందంటే అనుమానించాల్సిందే. వెనక్కి తిప్పి కూడా చూడండి, రంగు గుడ్డలోకి దిగిందా పైపైన ఉందా తెలిసిపోతుంది.

పెడనలో షాపు కంటే అద్దకం పని జరిగే షెడ్డు చూడటం ముఖ్యం. ఊరికే వెళ్ళి నిలబడితే పని ఆపి చూపించరు కదా, ముందు ఫోన్ చేసుకుని వెళ్తే మంచిది, మాకు మాత్రం బాగా ఓపిగ్గా చూపించారు. గుడ్డని గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడీ గేదె పాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఎండేస్తారు, పాలు పట్టిస్తే రంగు పక్కకి పాకదట. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు, ఆ వాసన మాత్రం అబ్బో. ఇక ఎరుపు అంటూ అచ్చేస్తుంటే మాకు ఎరుపే కనపడలేదు.

"ఇదేంటండీ, ఎర్రది ఎక్కడుంది?" అని మా వదిన అడిగితే, అచ్చేస్తున్న పెద్దాయన తలెత్తకుండానే "ఇప్పుడు కనపడదమ్మా, ఉడకాలి" అన్నాడు. పటిక నీళ్ళతో అచ్చేసి, తర్వాత రంగు కాగులో ఉడికిస్తే పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యమధ్యలో పారే నీళ్ళలో జాడించడం, ఎండేయడం. ఇంత చాకిరీ చూశాక బేరం ఆడటానికి నోరు రాలేదు నాకు, మా వదిన ఆడిందనుకోండి.

కలంతో గీసే కాళహస్తి కలంకారీలో లాగా దేవుళ్ళు, రామాయణం ఇక్కడ తక్కువ, తీగలు పువ్వులు మామిడి పిందెలు ఎక్కువ. బందరు గోల్కొండ నవాబుల రేవు కదా, పర్షియా వర్తకులు అడిగిన డిజైన్లే చేతికి అలవాటయ్యాయి. డచ్చివాళ్ళూ, 1611లో ఇంగ్లీషువాళ్ళూ వచ్చి కోఠీలు (వర్తక స్థావరాలు) పెట్టుకున్నది కూడా ఈ తీరం బట్టల కోసమే, ఆ తర్వాత ఈ అద్దకం బట్టలు ఇంగ్లండులో ఎంత అమ్ముడుపోయాయంటే అక్కడి నేతగాళ్ళు గొడవ చేసి 1721లో చట్టం తెచ్చి వాడకమే నిషేధించారు. బందరుకోట వైపు డచ్ సమాధులున్నాయి, రాళ్ళ మీద చెక్కుడు బాగుంటుంది, అరగంట చాలు.

బస విషయానికొస్తే, రాత్రికి బందర్లోనే ఒక లాడ్జిలో దిగాం, పేరెందుకులే, గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ళు అడిగి అడిగి విసుగొచ్చింది. పిల్లలతో, పెద్దవాళ్ళతో అయితే విజయవాడలో ఉండి పొద్దున్నే బయల్దేరి రావడం నయం, డెబ్బై కిలోమీటర్లే, రోడ్డు బాగుంది. రాత్రి ఉండే పనైతే సాయంత్రం మంగినపూడి బీచ్ కలుపుకోండి, నల్లటి మట్టి, లోతు తక్కువ, విశాఖ బీచ్ ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశే. దారిలో చిలకలపూడి పాండురంగడి గుడి నాకు ఎక్కువ నచ్చింది, అక్కడి రోల్డుగోల్డు గాజులు వదినకి నచ్చాయి.

వానాకాలం, ముఖ్యంగా అక్టోబరు నవంబరు తుఫాన్ల రోజుల్లో వద్దు, ఎండ లేకపోతే షెడ్డుల్లో పనే సాగదు. సంక్రాంతి తర్వాత బెస్ట్. చీర తెచ్చాక మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతికి నీడలో ఆరేయండి. బందరు లడ్డు మాత్రం బస్సెక్కే ముందు తాజాగా కట్టించుకోండి, నెయ్యి కారి చీరలకి అంటకుండా వేరే సంచిలో.