మారియట్‌లో ఉద్యోగం: సొరుగులో మతం, జీతం చీటీ మీద ఎవరి పేరు?

మారియట్ హోటళ్లంటే మోర్మన్ల (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) కంపెనీ కదా, ప్రార్థనలు చేయిస్తారా, ఆదివారం చర్చికి రమ్మంటారా అని చేరబోయేవాళ్లు అడుగుతుంటారు. అలాంటిదేం లేదు. హౌస్‌కీపింగ్‌లో ఏళ్లు గడిచినా మతం చేతికి తగిలేది ఒక్క చోటే, మంచం పక్క సొరుగులో. చాలా మారియట్ హోటళ్లలో అక్కడ బైబిలుతో పాటు మోర్మన్ల పవిత్ర గ్రంథం బుక్ ఆఫ్ మోర్మన్ ఉంటుంది. గది ఖాళీ అయ్యాక ఆ సొరుగు తప్పకుండా తెరవాలి. పుస్తకాలు ఉన్నాయా, పేజీలు చిరిగాయా, వాటి మధ్య అతిథి కాగితాలేమైనా మరిచిపోయాడా అని చూడాలి. తొందరలో చాలామంది వదిలేసేది ఈ పనినే.

వ్యవస్థాపకుడు జె. విల్లార్డ్ మారియట్ యూటాలో పుట్టిన మోర్మన్. 1927లో వాషింగ్టన్‌లో తొమ్మిది సీట్ల రూట్ బీర్ కొట్టుతో మొదలుపెట్టాడు (పేరులో బీర్ ఉన్నా అది మందు కాదు, తియ్యటి సోడా). మొదటి హోటల్ తెరిచింది 1957లో. ఆ కుటుంబం మందు ముట్టదు, హోటళ్లలో మాత్రం బార్లు నడుస్తాయి. 2011లో, కొత్తగా కట్టే హోటళ్ల గదుల్లో డబ్బు కట్టి చూసే అశ్లీల సినిమాలు ఉండవని ప్రకటించారు. మత విలువలు వ్యాపారంలో కనబడే తీరు ఇంతే. 2012 నుంచి సీఈఓలు కూడా కుటుంబం బయటివాళ్లే.

ఆ ఇంటి పట్టుదల అసలు కనిపించేది పని పద్ధతిలో. గది శుభ్రం చేయడానికి 66 మెట్ల జాబితా, అదీ అరగంటలోపు ముగించాలనే లెక్క, ఈ కంపెనీ గురించి ఎప్పటినుంచో చెప్పుకునే మాట. జాబితా కంటే వరస ముఖ్యం. తలుపు తట్టి, ‘హౌస్‌కీపింగ్’ అని చెప్పి, ఆగి, మళ్లీ తట్టాలి. లోపలికి వెళ్లగానే ముందు బాత్రూంలో క్రిములు చంపే ద్రవం చల్లాలి. క్రిములు చావాలంటే అది తడిగా నిలవాలి, కొన్నిటికి సీసా మీద పది నిమిషాలని రాసి ఉంటుంది. అది నానేలోగా మంచం మీద దుప్పట్లు మార్చి పక్క సర్దేయొచ్చు. చల్లిన వెంటనే తుడిచేస్తే వాసన వస్తుంది, శుభ్రం రాదు. టాయిలెట్ గుడ్డ వేరు, గ్లాసుల గుడ్డ వేరు. దుమ్ము పైనుంచి కిందికి, తలుపు దగ్గర మొదలుపెట్టి గది చుట్టూ ఒకే దిశలో తుడవాలి. వాక్యూమ్ చివర్న, వెనక్కి నడుస్తూ తలుపు దాకా.

సూపర్‌వైజర్ తనిఖీలో గది తప్పేది ఎక్కువగా వెంట్రుకల దగ్గరే. తెల్లటి టబ్బు తడిగా ఉంటే వెంట్రుక కనబడదు, ఆరాక కనబడుతుంది. అందుకే ఆఖరున పొడి గుడ్డతో ఒకసారి తుడవాలి. ఒళ్లు పాడయ్యేది మంచం దగ్గర. బరువైన కింగ్ పరుపు మూల ఒంటి చేత్తో ఎత్తి దుప్పటి దోపితే నడుమూ మణికట్టూ పట్టేస్తాయి. మోకాలు వంచి, రెండు చేతులతో కొంచెమే ఎత్తి దోపడం మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలి.

అమెరికాలో చాలాచోట్ల షిఫ్టుకి 14 నుంచి 16 గదులు. అతిథి ఉంటున్న గది త్వరగా అయిపోతుంది, ఖాళీ చేసిన గది దాదాపు రెట్టింపు సమయం తింటుంది. కాబట్టి గదుల సంఖ్య ఒక్కటే అడిగితే లాభం లేదు, అందులో ఖాళీ అయినవి ఎన్నో అడగాలి. శుభ్రం వద్దన్న అతిథికి పాయింట్లిచ్చే పథకాలతో చిక్కు ఇక్కడే. మూడు రోజులు తాకని గది నాలుగో రోజు ఒక్క గదిగానే లెక్కకొస్తుంది, మురికి మాత్రం మూడు రోజులది. 2018లో దాదాపు 7,700 మంది మారియట్ హోటల్ కార్మికులు ఎనిమిది నగరాల్లో సమ్మె చేసినప్పుడు, ‘ఒక్క ఉద్యోగం సరిపోవాలి’ అనే నినాదంతో పాటు ఈ పథకం గోడు కూడా వినిపించింది.

మా దృష్టిలో చేరేముందు తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న, జీతం చీటీ మీద ఎవరి పేరు ఉంటుందని. 1993లో కంపెనీ రెండుగా చీలి భవనాలు ఒకరికి, నిర్వహణ ఇంకొకరికి పోయాయి. ఇప్పుడు బోర్డు మీద మారియట్ అని ఉన్నా, మారియట్ స్వయంగా నడిపే హోటళ్లు వేరు, ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లు, అంటే మారియట్ పేరు వాడుకునే హక్కు తీసుకున్న వేరే యజమానులు, నడిపేవి వేరు. ఫ్రాంచైజీలో ఇన్సూరెన్సు, సెలవులు, సర్వీసు లెక్క ఆ యజమాని ఇష్టం. హైదరాబాద్‌లో మారియట్ నడిపే హోటల్లో చేసిన ఏళ్లు ఫ్రాంచైజీ హోటల్లో కలుస్తాయని ముందే అనుకోవద్దు, రాతలో అడగండి.

బాగున్నవీ ఉన్నాయి. మారియట్ హోటళ్లలో బస చేయడానికి ఉద్యోగులకిచ్చే రాయితీ అయిన ఎక్స్‌ప్లోర్ రేట్ నిజంగా పనికొస్తుంది. చెకిన్ అప్పుడు అనుమతి ఫారం చూపాలి, లేదంటే మామూలు రేటు వేస్తారు. పండగ సీజన్లో ఆ రేటు దొరక్కపోవచ్చు. పై అధికారితో పేచీ వస్తే మెట్టు మెట్టుగా పైవాళ్ల దగ్గరికి వెళ్లే ‘గ్యారంటీ ఆఫ్ ఫెయిర్ ట్రీట్‌మెంట్’ అనే పాత విధానం ఒకటుంది. నోటితో చెప్పి ఊరుకోకుండా తేదీలు రాసి పెట్టుకుంటే పని జరుగుతుంది.

మన హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలు శిక్షణ కోసం అమెరికా ఇచ్చే జె-1 వీసా మీద వెళ్తుంటారు. ఆతిథ్య రంగంలో అది 12 నెలలు దాటదు. ఆరు నెలలు మించిన శిక్షణలో కనీసం మూడు విభాగాలు తిప్పాలని నియమం. శిక్షణ ప్రణాళిక ఉండే డీఎస్-7002 ఫారంలో ఏ నెల ఏ విభాగమో రాసి ఉంటుంది. ఏడాదంతా పక్కలే వేయిస్తామన్నట్టుంటే, సంతకానికి ముందే స్పాన్సర్‌కి (ఆ వీసా శిక్షణను చూసే సంస్థకి) మెయిల్ పెట్టండి.