మ్యాచ్‌కి బిల్బావో, కడుపుకి లిస్బన్: మహిళల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్స్ చూసొచ్చిన కబుర్లు

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్‌లు ఆడే మహిళల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఏ ఊళ్లో పెడతారో చాలా ముందే చెప్పేస్తారు, ఏ జట్లు ఆడతాయో మాత్రం ఏప్రిల్ నెలాఖరులోనో మే మొదట్లోనో సెమీస్ అయ్యాక గానీ తేలదు. రూమ్ వెతుక్కునేవాళ్లకి ఉన్న వెసులుబాటంతా ఆ మధ్యలోనే. బార్సిలోనా జట్టు ఫైనల్‌కి వచ్చిందని తేలిన రాత్రే రేట్లు పైకి లేస్తాయి కాబట్టి, ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూమ్ ఒకటి ముందే పట్టి పెట్టుకోండి. మేం ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన. మా అమ్మాయి ఇక్కడి ఊరి క్లబ్‌లో ఆడుతుంది, దాని పోరు పడలేకే 2024లో స్పెయిన్‌లోని బిల్బావో, 2025లో పోర్చుగల్‌లోని లిస్బన్ వెళ్లాం.

బిల్బావోలో శాన్ మమేస్ స్టేడియం ఊరి బయట ఎక్కడో లేదు, అపార్ట్‌మెంట్ల మధ్యలోనే ఉంది. లిసెన్సియాడో పోసా అనే వీధి పొడవునా బార్లే, ఆ వీధి చివరికొచ్చి తలెత్తితే ఎదురుగా స్టేడియం. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే సిటీ బస్సు దాని పక్కనే ఉన్న బస్టాండులో దింపుతుంది, బస్టాండు మొత్తం భూమి కింద కట్టారు, పైన చూస్తే తెలియదు కూడా. మెట్రో స్టేషన్ పేరే శాన్ మమేస్. దిగగానే బారిక్ కార్డు కొనుక్కోండి, మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ దాంట్లోనే, విడి టికెట్ల కన్నా బాగా తక్కువ పడుతుంది.

బస మాత్రం ఊరి మధ్యలో తీసుకోలేదు. రేట్లు చూసి దండం పెట్టి, మెట్రో రెండో లైన్ మీదున్న పోర్తుగలేతేలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నిటారుగా ఉండే ఊరు, అయినా వీధుల్లోనే ఎస్కలేటర్లు పెట్టారు కాబట్టి సూట్‌కేసులు మోయక్కర్లేదు. ఇల్లు శుభ్రం, వంటగది ఉంది, రైస్ కుక్కర్ పని చేసింది. ఇంటాయన మాత్రం ఫోన్ ఎత్తలేదు, తలుపు కోడ్ పంపడానికి గంట పట్టింది, అంతసేపూ మెట్ల మీదే కూర్చున్నాం. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎందుకంటే కిందకి నడిస్తే నదిమీద బిస్కాయా వంతెన. 1893 నాటిది, పైనుంచి తాళ్లకి వేలాడే పెట్టెలాంటి దాంట్లో కార్లనీ మనుషుల్నీ ఎక్కించి అవతలి ఒడ్డుకి చేరుస్తుంది, నడిచెళ్లేవాళ్లకి ఒక యూరో కూడా కాదు. యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది. గుగ్గెన్‌హైమ్ మ్యూజియం దగ్గర టికెట్ క్యూ చూసి మేం లోపలికి పోలేదు. బయట పూలతో చేసిన పెద్ద కుక్క, వెనక వైపు సాలీడు, నది ఒడ్డున నడక, పిల్లలకి అవి చాలు.

మే 25, శనివారం, సాయంత్రం ఆరింటికి బార్సిలోనాకీ ఫ్రాన్స్ క్లబ్ లియాన్‌కీ మ్యాచ్. మధ్యాహ్నానికే ఊరంతా బార్సా (బార్సిలోనా) రంగులు. 2019లో బుడాపెస్ట్‌లోనూ 2022లో ట్యూరిన్‌లోనూ ఇదే లియాన్ చేతిలో ఫైనల్ ఓడారు కాబట్టి వాళ్ల మొహాల్లో పండగతో పాటు టెన్షన్ కూడా కనిపించింది. 63వ నిమిషంలో బార్సా తరఫున ఐతానా బొన్మతీ గోల్ కొట్టాక మా స్టాండ్ ఊగిపోయింది, చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన అలెక్సియా పుతెయాస్ ఇంజురీ టైమ్‌లో రెండోది కొట్టి చొక్కా విప్పి పరిగెత్తింది. 2-0. ఆరోజు వచ్చినవాళ్లు 50,827 మంది. మా వరుసలో ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లే ఎక్కువ, లియాన్ చొక్కాల వాళ్లు కూడా మా పక్కనే కూర్చున్నారు, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పిల్లల్ని తీసుకెళ్లడానికి భయపడక్కర్లేదు. టికెట్ కూడా మగవాళ్ల ఫైనల్‌తో పోలిస్తే చాలా చవక, కాకపోతే అది ఫోన్‌లోనే ఉంటుంది, చార్జింగ్ చూసుకోండి.

పక్క సీటులో బార్సిలోనా నుంచి వచ్చిన పెద్దావిడ ఇండియాలో ఎక్కడ అని అడిగింది. తాడిపత్రి అంటే ఏం తెలుస్తుందిలే అని అనంతపురం దగ్గర అన్నాను. ఆవిడ లేచి నా చేతులు పట్టుకుంది! విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలోనే కదా, 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పెట్టిన ఆయన పేరు అక్కడ తెలియనివాళ్లు తక్కువ. ఏళ్లుగా ఆ సంస్థకి నెలనెలా డబ్బు పంపుతోందట. మొదటి సగం మేం మ్యాచ్ కన్నా మా జిల్లా గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం, మా అమ్మాయికి ఒళ్లు మండిపోయింది.

తిండి దగ్గరే బిల్బావోకి మార్కులు తగ్గిస్తాను. ప్లాసా నుయేవాలో బార్ కౌంటర్ మీద వరసగా పేర్చిన పించోలు, అంటే పుల్ల గుచ్చిన చిరుతిళ్లు, చూడ్డానికి ఎంత బాగుంటాయో, శాకాహారులకి అంత కష్టం. ఆలివ్, మిరపకాయ గుచ్చి ఉందని తీసుకోబోతే మధ్యలో ఆంచోవీ చేప. గుడ్డు తింటే తోర్తియా (బంగాళాదుంప వేసిన గుడ్డు అట్టు) ఉంది, లేదంటే పుట్టగొడుగులు, గెర్నికా మిరపకాయలు. ఆ మిరపకాయలు నూనెలో వేయించి ఉప్పు చల్లి ఇస్తారు, మన చల్ల మిరపకాయలు కారం వదిలేసి వచ్చినట్టుంటాయి, ప్లేటు క్షణంలో ఖాళీ.

లిస్బన్‌లో ఈ బాధ లేదు. మార్తిం మొనీజ్ అనే పేట చుట్టుపక్కల అన్నం, పప్పు, చపాతీ ఏ పూటైనా దొరుకుతాయి. అక్కణ్ణుంచి మెట్రో గ్రీన్ లైన్ ఎక్కితే నేరుగా కంపో గ్రాంద్, దిగితే ఫైనల్ జరిగిన అల్వలాద్ స్టేడియం, మారే పని లేదు. అందుకే ఆ లైన్ మీదే, అరొయ్యొస్‌లో చిన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం, ఆతిథ్యం మాత్రం బిల్బావో ఇంటాయన నేర్చుకోవలసినంత బాగుంది. స్టేడియం చుట్టూ మాత్రం పెద్ద రోడ్లు, ఫ్లైఓవర్లు, వీధి సందడి లేదు. మ్యాచ్ చూస్తే, వరసగా మూడో కప్పు కొట్టేస్తుందనుకున్న బార్సాని ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ 1-0తో ఓడించింది, బెంచ్ మీంచి వచ్చిన బెత్ మీడ్ పాస్ ఇస్తే అలాగే వచ్చిన స్టీనా బ్లాక్‌స్టీనియస్ 74వ నిమిషంలో కొట్టింది. 2007 తర్వాత మళ్లీ ఆర్సెనల్‌కి కప్పు. 38,356 మంది వచ్చారు, అంటే కొన్ని సీట్లు ఖాళీ, ఆ తేడా చెవికి తెలిసింది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే లిస్బన్‌లో అల్ఫామా వైపు బస తీసుకోకండి, ఆ తెల్లరాయి పేవ్‌మెంట్లు తడిస్తే జారతాయి, వీధులన్నీ ఎత్తే. 28వ నంబర్ ట్రామ్ ఫొటోకి బాగుంటుంది, ఎక్కితే పర్సు ముందు జేబులో పెట్టుకోండి.