కొత్త బెట్టింగ్ షాపుకి అభ్యంతరం: ప్లానింగ్‌కా, లైసెన్సింగ్‌కా?

లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు ఉండే మనవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. మూతపడ్డ బ్యాంకులోకి బెట్టింగ్ షాపు వస్తోందట, అభ్యంతరం ఎక్కడ పెట్టాలి అని. ప్లానింగ్ (కట్టడాన్ని దేనికి వాడొచ్చో తేల్చే అనుమతి), లైసెన్సింగ్ (అక్కడ జూదం నడిపే అనుమతి) రెండూ కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ చేతిలోవే, కానీ చట్టాలు వేరు.

నా ఓటు ప్లానింగ్‌కే. కారణం 2005 గ్యాంబ్లింగ్ చట్టంలోని 153వ సెక్షన్. నిబంధనలకు తగ్గట్టు ఉంటే అనుమతి ఇచ్చే వైపే మొగ్గాలని, గిరాకీ ఉందా లేదా అన్నది చూడకూడదని అది లైసెన్సింగ్‌వాళ్లకి చెబుతుంది. ఇది తెలియక నేనోసారి "ఈ వీధిలో ఇప్పటికే ఐదున్నాయి, ఆరోది ఎవరికోసం?" అంటూ లైసెన్సింగ్‌కి రెండు పేజీలు రాశాను. అందులో ఒక్క ముక్క కూడా లెక్కలోకి రాలేదు. 2013లో ఈస్ట్ హామ్‌ని చూసుకునే న్యూహామ్ కౌన్సిలే ప్యాడీ పవర్ అనే బెట్టింగ్ కంపెనీకి లైసెన్స్ కాదని కోర్టులో ఓడిపోయింది, ఇక మనమెంత!

అదే మాట ప్లానింగ్‌లో అయితే చెల్లుతుంది. 2015 ఏప్రిల్ దాకా ఇంగ్లండ్‌లో బ్యాంకు, బెట్టింగ్ షాపు ప్లానింగ్ లెక్కలో ఒకే తరగతి, కాబట్టి బ్యాంకుని బెట్టింగ్ షాపుగా మార్చడానికి అనుమతే అక్కర్లేకపోయేది. ఇప్పుడు కావాలి. ఒకేచోట గుంపుగా ఉన్నాయని, పోస్టర్లతో అద్దాలు కప్పేసి వీధిని చంపేస్తున్నాయని రాయొచ్చు. "జూదం పాపం" అని మాత్రం రాయకండి, అక్కడ అది చెల్లదు. కౌన్సిల్ కాదన్నా కంపెనీ అప్పీల్‌కి వెళ్లి గెలిచిన సందర్భాలూ ఉన్నాయి.

షాపు తెరిచాక కథ తిరగబడుతుంది. ప్లానింగ్ అనుమతి ఒకసారి వచ్చాక సాధారణంగా పోదు, లైసెన్స్‌ని మాత్రం రివ్యూ చేయమని అడగొచ్చు. గుమ్మం దగ్గర గొడవలు, లోపల మైనర్లు కనిపిస్తే తేదీ, టైముతో సహా రాసిపెట్టుకోండి.

బెట్టింగ్ షాపుల్లో ఉండే జూదం మెషీన్ల మీద ఒక్కో పందెం పరిమితి 100 పౌండ్ల నుంచి 2 పౌండ్లకు దిగింది 2019 ఏప్రిల్‌లో. అది కేంద్ర ప్రభుత్వం చేసిన పని, మన చేతిలో లేదు.

కొత్త బెడద స్లాట్ మెషీన్ల షాపులు. బెట్టింగ్ షాపు మామూలుగా రాత్రి 10కి మూయాలి, వీటికి ఆ గడువు లేదు. అందుకే టైమింగ్స్ మీద షరతు పెట్టమని ప్లానింగ్ దశలోనే అడగండి. ప్లానింగ్ దరఖాస్తు నోటీసు దీపస్తంభానికి కట్టి ఉంటుంది, అభ్యంతరానికి మామూలుగా 21 రోజులే గడువు. కరివేపాకు కొనుక్కుని వస్తూ ఒకసారి తలెత్తి చూడండి.